మొక్క నాటితేనే వాడాలి!

మంచి మనసుతో పెట్టిన షరతు కూడా సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛకు అడ్డమేనా? చూడ్డానికి నవ్వు తెప్పించే లైసెన్సుల వెనక ఉన్న అసలు గొడవ ఇదీ...

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా ఒక ప్రోగ్రామ్ రాశాడు. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్. పెద్దదేం కాదు. కానీ పాతికేళ్ల కిందటి పుస్తకం ఫైలు తెరిచి, తెరమీద పిచ్చి గీతలు కనబడితే తల పట్టుకున్నవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. వాడు దాన్ని అమ్ముకోలేదు. సోర్స్ కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టేశాడు. దానికింద అందరూ వాడే ఎమ్ఐటీ లైసెన్సు అతికించాడు. అక్కడితో ఆగితే గొడవే లేకపోయేది. హరితహారంలో కాలేజీ చుట్టూ మొక్కలు నాటివచ్చిన ఊపులో ఉన్నాడేమో, లైసెన్సు చివర సొంతంగా ఒక వాక్యం చేర్చాడు. ‘ఈ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక మొక్క నాటాలి’ అని.

ఆర్నెల్ల తర్వాత వాడికో మెయిల్ వచ్చింది. లినక్స్ కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పోగుచేసే ఒక స్వచ్ఛంద కార్యకర్త రాశాడు. ప్రోగ్రామ్ బాగుందట. తమ సంకలనంలో చేర్చుకుందామనుకున్నారట. కానీ ఆ చివరి వాక్యం ఉన్నంతకాలం అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కిందికి రాదు కాబట్టి తీసుకోలేమన్నాడు.

ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేశాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది.

‘‘మొక్క నాటమంటే తప్పా మామయ్యా? నేనేమన్నా డబ్బులడిగానా?’’

వెంటనే నేనేం చెప్పలేకపోయాను. తప్పు కాదని తెలుసు. కాదన్నవాళ్లూ తప్పు కాదని తెలుసు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా కథలు కావలసి వచ్చాయి. అవే ఇవి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ముందు అసలు లైసెన్సు ఎందుకో చూద్దాం. దుకాణంలో పెన్ను కొంటే అది మీది. ఎవరో రాసిన కోడ్ మీ కంప్యూటర్లోకి వచ్చినంత మాత్రాన మీది కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కూడా సాహిత్య రచనల్లోనే లెక్కేస్తుంది. అంటే కథకీ నవలకీ ఉన్న రక్షణే దానికీ ఉంది. రాసినవాళ్లు అనుమతి ఇవ్వకపోతే కాపీ తీయకూడదు, మార్చకూడదు, నలుగురికీ పంచకూడదు. ఆ అనుమతి పత్రమే లైసెన్సు.

ఇంగ్లిషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటనే ఉచితానికీ స్వేచ్ఛకీ వాడతారు. అందుకే అక్కడివాళ్లు ‘మేం చెప్పేది ధర గురించి కాదు’ అని నలభై ఏళ్లుగా వివరించుకుంటూనే ఉన్నారు. మనకా తంటా లేదు. ఉచితం అంటే ఉచితమే, స్వేచ్ఛ అంటే స్వేచ్ఛే. తెలుగులో ఈ ఉద్యమాన్ని మోస్తున్న హైదరాబాద్ సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. ఆ ఫౌండేషన్ దృష్టిలో ఒక సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనాలంటే నాలుగు స్వేచ్ఛలుండాలి. ప్రోగ్రామర్లు కదా, లెక్క సున్నా నుంచి మొదలుపెడతారు. సున్నా: ఏ పనికోసమైనా దాన్ని నడుపుకోవచ్చు. ఒకటి: ఎలా పనిచేస్తోందో లోపల చూసి, కావలసినట్టు మార్చుకోవచ్చు. రెండు: ఉన్నదున్నట్టు ఇంకొకరికి ఇవ్వొచ్చు. మూడు: మార్చినదాన్ని కూడా పంచొచ్చు.

1997లో డెబియన్ అనే లినక్స్ బృందం తన మార్గదర్శకాలు రాసుకుంది. మరుసటి ఏడాది పుట్టిన ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ వాటినే కొద్దిగా మార్చి, పది సూత్రాల నిర్వచనంగా తీసుకుంది. ఫలానావాళ్లు వాడకూడదు అని మనుషుల మధ్యా, ఫలానా పనికి వాడకూడదు అని పనుల మధ్యా తేడా చూపకూడదన్నవి అందులో రెండు.

ఇప్పుడు సున్నా నంబరు స్వేచ్ఛను ఇంకోసారి చదవండి. ‘ఏ పనికోసమైనా.’ అసలు చిక్కంతా ఈ మాట దగ్గరే.

మంచికే వాడాలి... సరే, ఏది మంచి?

మీ ఫోన్లో వాతావరణం చూసినా, సినిమా టికెట్ బుక్ చేసినా, యాప్‌కీ అవతలి సర్వర్‌కీ మధ్య సమాచారం చాలాసార్లు జేసన్ అనే పద్ధతిలో నడుస్తుంది. దాన్ని లోకానికి పరిచయం చేసినవాడు డగ్లస్ క్రాక్‌ఫర్డ్. పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చు. దానికోసం తను రాసిన కోడ్‌కి మాత్రం ఆయన ఎమ్ఐటీ లైసెన్సు తీసుకుని, ఒక వాక్యం కలిపాడు. ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు అని దాని సారాంశం.

సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో ఎక్కడ చూసినా ‘దుష్టుల మీద యుద్ధం’ అన్న మాటే వినిపిస్తున్న రోజులవి. నా వంతుగా నేనూ ఏదో ఒకటి చేయాలి కదా అనుకున్నానని ఆయన తర్వాత ఒక ప్రసంగంలో సరదాగా చెప్పాడు. అదే ప్రసంగంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. ఐబీఎమ్ లాయర్ ఒకాయన రాశాడట. మేం చెడు చేయాలనుకోవడం లేదు, కానీ మా కస్టమర్లు ఏం చేస్తారో మేం హామీ ఇవ్వలేం, ప్రత్యేకంగా అనుమతి ఇస్తారా అని. క్రాక్‌ఫర్డ్ వెంటనే ఇచ్చేశాడు. ఐబీఎమ్‌కీ, దాని కస్టమర్లకీ, భాగస్వాములకీ, అనుచరులకీ తన ప్రోగ్రామ్‌ను చెడుకి వాడుకునేందుకు అనుమతి అని! లాయర్ ధన్యవాదాలు కూడా చెప్పాడట.

సభ గొల్లుమంది. కానీ డెబియన్ నవ్వలేదు. ఫెడోరా నవ్వలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ లైసెన్సును స్వేచ్ఛ లేనివాటి జాబితాలో పెట్టింది. ఈ షరతును కోర్టులో అమలు చేయడం కుదరకపోవచ్చు గానీ, కుదరదనే ధీమాతో ఉండలేం అని వాళ్ల వాదన. 2009లో గూగుల్ తన కోడ్ హోస్టింగ్ నుంచి ఇదే వాక్యం ఉన్న ఒక చిన్న ప్రాజెక్టును వద్దంది. పీహెచ్‌పీ భాషలో జేసన్ చదివే భాగంలోనూ ఈ లైసెన్సు కోడ్ ఉండటంతో, లినక్స్ బృందాలు దాని స్థానంలో వేరేది పెట్టుకున్నాయి. 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లో ఆ భాగాన్నే కొత్తగా రాసినదానితో మార్చేశారు. 2016లో అపాచీ ఫౌండేషన్ కూడా తన ప్రాజెక్టుల్లో దీన్ని వాడొద్దంది. చివరికి 2022లో జావా కోసం రాసిన ఆ జేసన్ కోడ్ నుంచి ఆ షరతు పోయింది. కోడ్ పబ్లిక్ డొమైన్ అయింది.

ఒక్క వాక్యం. ఎన్నేళ్ల పని, ఎంతమంది పని!

నవ్వులాటకు రాసింది కదా, ఇంత పట్టుదల దేనికి అనిపిస్తుంది. కానీ లైసెన్సు అనేది ఇవాళ ఇద్దరు స్నేహితుల మధ్య మాట కాదు. రేపు వాళ్లు విడిపోయాక, ఎల్లుండి వాళ్ల వారసులు కోర్టుకెక్కాక కూడా నిలబడే కాగితం. ‘మంచి’ అంటే ఏంటో అందులో రాయలేదు. మాంసం కొట్టు లెక్కలు మంచా చెడా? సారా కంపెనీ జీతాల పట్టిక? సైన్యం వంటశాల సరుకుల జాబితా? మీకు ఒక జవాబుంటుంది, మీ పక్కింటాయనకు ఇంకోటి. తీర్పు చెప్పాల్సింది ఎవరు? కాపీరైట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. అప్పుడిక అది స్వేచ్ఛ ఎలా అవుతుంది? ఇంకొకరి దయ అవుతుంది.

అదే మాట, ఆశీర్వాదంగా

ఇప్పుడు ఇంకో మనిషి దగ్గరికి వద్దాం. డి. రిచర్డ్ హిప్. ఈయన రాసిన ఎస్‌క్యూలైట్ మీ జేబులో ఇప్పుడు కూడా పనిచేస్తోంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఉంటుంది. ఫోన్లో మీ వాట్సాప్ సందేశాలు దాచేది ఇందులోనే.

ఎస్‌క్యూలైట్‌కి మామూలు లైసెన్సు లేదు. కాపీరైట్‌ను వదులుకుంటున్నానని 2001లో ఆయన ప్రకటించేశాడు. ఫైలు పైన చట్టపరమైన నోటీసు ఉండాల్సిన చోట ఒక ఆశీర్వాదం రాశాడు. మూడు వాక్యాలు. మీరు మంచి చేయాలి, చెడు చేయకూడదు. మిమ్మల్ని మీరు క్షమించుకోవాలి, ఇతరుల్నీ క్షమించాలి. స్వేచ్ఛగా పంచుకోవాలి, ఇచ్చినదానికంటే ఎక్కువ తీసుకోకూడదు. వాటి సారాంశం ఇదీ.

చూశారా? క్రాక్‌ఫర్డ్ రాసినదీ మంచీ చెడే. హిప్ రాసినదీ మంచీ చెడే. మరి ఒకటి బయట, ఒకటి లోపల ఎందుకు? ఒకటి షరతు, ఇంకోటి దీవెన కనక. పెళ్లిలో అక్షింతలు వేసి ‘నూరేళ్లు చల్లగా ఉండండి’ అంటాం. ఆ జంట తొంభై ఏళ్లే బతికితే మన మీద ఒప్పందం మీరిన కేసు ఉండదు కదా!

విమ్ అనే ఎడిటర్ది కూడా ఇదే దారి. నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో మొదటిసారి విడుదల చేశాడు. ఉగాండాలోని కిబాలెలో అనాథ పిల్లల కేంద్రంలో పనిచేసి వచ్చాక, విమ్ నచ్చితే ఆ పిల్లలకు సాయం చేయండని అందులోనే రాశాడు. ఇప్పటికీ విమ్ తెరిస్తే ఉగాండా పేద పిల్లలకు సాయం చేయమన్న మాట కనిపిస్తుంది. కానీ అది ‘చేయండి’ మాత్రమే, ‘చేయకపోతే వాడకండి’ కాదు. అందుకే విమ్ ఏ లినక్స్ సంకలనానికీ అభ్యంతరం కాలేదు. ఆ ఒక్క వాక్యం చదివి ఎందరో డబ్బు పంపారు. మూలెనార్ 2023 ఆగస్టులో చనిపోయాడు.

డెన్మార్క్‌కి చెందిన పౌల్-హెనింగ్ కాంప్‌దైతే ఇంకా సరదా. ఆయన లైసెన్సు ప్రకారం కోడ్‌ని ఏమైనా చేసుకోండి, ఎప్పుడైనా మనం కలిస్తే, ఇది పనికొచ్చిందనిపిస్తే, నాకో బీరు కొనిపెట్టొచ్చు. కొనిపెట్టొచ్చు, అంతే. కొనకపోయినా మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు.

మా మేనల్లుడికి ఇక్కడిదాకా చెప్పేసరికి వాడికి సగం అర్థమైంది. మిగతా సగం కోసం ఒక దీవికి వెళ్లాల్సి వచ్చింది.

దీవి మీద ఒంటరివాడు

లైసెన్సుల మీద వాదించుకునే డెబియన్‌వాళ్లకు కొన్ని ఊహా పరీక్షలున్నాయి. చట్టం కాదు, వాదన తేల్చుకోవడానికి వాడే తూకంరాళ్లు.

మొదటిది నిర్జన దీవి పరీక్ష. ఓడ మునిగి ఒకడు దీవి మీద చిక్కుకున్నాడు. చేతిలో ఎండతో నడిచే కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ లేదు, పోస్టాఫీసు లేదు. ‘నువ్వు చేసిన మార్పులన్నీ నాకు పంపాలి’ అని లైసెన్సులో ఉంటే వాడు దాన్ని పాటించలేడు. కాబట్టి ఆ లైసెన్సు ఫెయిల్.

రెండోది అసమ్మతివాది పరీక్ష. నియంత పాలనలో ఉన్న ఒక తిరుగుబాటుదారు కోడ్‌ను మార్చి తనవాళ్లకు రహస్యంగా ఇవ్వాలనుకుంటాడు. మార్పులు చేసినవాళ్లు పేరూ చిరునామా బయటపెట్టాలని లైసెన్సు అంటే వాడి ప్రాణానికే ముప్పు. అదీ ఫెయిల్.

మూడోదానికి దుష్టుడి బాహువుల పరీక్ష అని పేరు పెట్టుకోవచ్చు. మంచి రచయితను రేపు ఒక దుర్మార్గపు కంపెనీ కొనేస్తుంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోమంటుంది. అలా తీసుకునే వీలు లైసెన్సులో ఉంటే, అదీ ఫెయిల్.

‘‘ఇసుక దీవిలో వాడు మొక్క ఎక్కణ్నుంచి తెస్తాడ్రా?’’ అన్నాను.

‘‘కొబ్బరికాయ పాతుకోమను’’ అన్నాడు. అని నవ్వేశాడు. నవ్వాడంటే సగం దిగివచ్చినట్టే.

దీవిదాకా ఎందుకు? అద్దె గదిలో ఉండే కుర్రాడు ఎక్కడ నాటాలి? మంచం మీదున్న ముసలాయన? పదివేల మంది ఉద్యోగులున్న కంపెనీ వాడితే ఒక మొక్కా, పదివేలా? నాటిన మొక్క ఎండిపోతే? మొదట్లో ఎంతో ముచ్చటగా కనిపించిన వాక్యం పట్టుకుని లాగితే ఇంత పొడుగు సాగుతుంది.

బాధ నిజమైనప్పుడు

ఇంతవరకూ సరదా కథలు. ఇక్కణ్నుంచి అంత సరదా కాదు.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల డిజైన్‌కి పనికొచ్చే ఒక ప్రోగ్రామ్‌ని అందరికీ ఇస్తూ, దక్షిణాఫ్రికా పోలీసులు వాడకూడదని లైసెన్సులో రాసింది. జాతివివక్ష రాజ్యమేలుతున్న రోజులవి. ఆ షరతు చదివి ఎవరు కాదంటారు? కానీ 1994లో ఆ పాలన పోయింది, నెల్సన్ మండేలా అధ్యక్షుడయ్యాడు. లైసెన్సులో వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పుడది మండేలా ప్రభుత్వ పోలీసుల్ని కూడా వద్దన్నట్టయింది. డెబియన్ మార్గదర్శకాలు రాసిన బ్రూస్ పెరెన్స్ ‘మనుషుల మధ్య తేడా చూపకూడదు’ అన్న సూత్రాన్ని వివరిస్తూ ఇచ్చిన ఉదాహరణ ఇదే. కోపానికి ఒక కాలం ఉంటుంది. లైసెన్సుకి ఆ కాలం తెలీదు.

2019లో చైనా ప్రోగ్రామర్లు ‘996’ మీద తిరగబడ్డారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు. అంటే 72 గంటలు. వారానికి 70 గంటలు పనిచేయాలన్న మాట మీద మన దగ్గర జరిగిన రచ్చ మీకు గుర్తుండే ఉంటుంది. వీళ్లు ధర్నా చేయలేదు. ఒక లైసెన్సు రాశారు. కార్మిక చట్టాలు పాటించే సంస్థలే మా కోడ్ వాడాలి అన్నారు. అదే ఏడాది అమెరికాలో కొరలైన్ ఎడా ఎమ్కీ ‘హిపోక్రటిక్ లైసెన్సు’ తెచ్చింది. డాక్టర్లు చేసే ప్రమాణం గుర్తుకొచ్చేలా పెట్టిన పేరు. మానవ హక్కుల్ని కాలరాసేవాళ్లు ఈ కోడ్ వాడకూడదని దాని సారం.

ఈ రెండింటినీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్వేచ్ఛ లేని లైసెన్సులనే అంది. హిపోక్రటిక్ లైసెన్సు తమ నిర్వచనానికి సరిపోదని ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ కూడా చెప్పింది.

వీళ్ల బాధ దొంగ బాధ కాదు. రాత్రుళ్లు మేలుకుని రాసి ఊరికే ఇచ్చిన కోడ్ రేపు ఎవరి మీదో నిఘా పెట్టడానికో, డ్రోన్‌కి గురి చూపించడానికో వాడితే రాసినవాడికి నిద్ర పడుతుందా? ‘ఇచ్చేశాక నీకు సంబంధం లేదు’ అనడం తేలికే. మోసేవాడికే తెలుస్తుంది బరువు.

మరి ప్రమాణాలు ఎందుకు ఒప్పుకోవు? మూడు జవాబులున్నాయి. ఒకటి, బాంబు వేసేవాడు లైసెన్సు చదివి ఆగడు. చదివి ఆగేది చట్టానికి భయపడే మామూలు మనిషే. రెండు, తీర్పరి ఎవరన్న పాత ప్రశ్నే. ఒక దేశంలో హక్కుల కార్యకర్త అనిపించుకున్నవాడు పక్క దేశంలో నేరస్థుడు. మూడోది ఆచరణలో వచ్చే చిక్కు. డెబియన్ 12లో 60 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ప్రతి రచయితా తనకు నచ్చిన ఒక్క మంచి మాట షరతుగా పెడితే? ఒకాయన శాకాహారులే వాడాలంటాడు. ఇంకొకాయన సైన్యం వాడకూడదంటాడు. మరొకాయన మా సైన్యమే వాడాలంటాడు. మావాడు మొక్క నాటమంటాడు. ఇవన్నీ కలిపి ఒక కంప్యూటర్ నడపాలంటే పక్కన లాయర్ని కూర్చోబెట్టుకోవాలి. చెడుని ఆపాల్సింది చట్టం, జనం, కార్మిక సంఘాలు గానీ కాపీరైట్ నోటీసు కాదన్నది వాళ్ల వాదన.

నాకు ఆ వాదనే సరైనదనిపిస్తుంది. ఎమ్కీ అడిగిన ప్రశ్నకు మాత్రం అది పూర్తి జవాబు కాదు. స్వేచ్ఛకి ఒక ధర ఉంది. దాన్ని కొంత రాసినవాళ్లే చెల్లిస్తున్నారు. ఆ సంగతి ఒప్పుకుని మాట్లాడటమే మర్యాద.

వింతగా ఉన్నా పాసైనవి

అలాగని ప్రతి షరతూ తప్పేనా అంటే కాదు. ఎమ్ఐటీ లైసెన్సులో కూడా షరతుంది. కాపీరైట్ నోటీసు తీసేయకూడదు. ఇంకొంచెం వింతైనది మనకు బాగా దగ్గరిది ఒకటుంది.

శుభలేఖల్లో, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో మీరు రోజూ చూసే మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, గురజాడ, పెద్దన ఫాంట్లు సిలికానాంధ్ర ద్వారా విడుదలైనవి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అన్నీ ‘ఓపెన్ ఫాంట్ లైసెన్సు’ కింద ఉన్నాయి. ఫాంట్‌ను ఒంటరిగా అమ్మకూడదని ఆ లైసెన్సులో ఒక నియమం ఉంది. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు.

అమ్మకూడదనడం స్వేచ్ఛకు అడ్డం కాదా? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దీన్ని వింత నియమం అంటూనే, హాని లేదని పాస్ చేసింది. ఎందుకంటే తెరమీద ‘నమస్తే’ అని చూపించే రెండు లైన్ల ప్రోగ్రామ్ జోడించినా నియమం పాటించినట్టే! అంటే అది చూడ్డానికి గోడలా ఉంది గానీ, పక్కనే తలుపు తీసి ఉంది. ఇక ఈ ఫాంట్లతో మీరు వేసే శుభలేఖ మీద, పుస్తకం మీద ఏ షరతూ లేదు. డీటీపీ షాపాయన నిశ్చింతగా సంపాదించుకోవచ్చు.

డొనాల్డ్ కనూత్ తన టెక్ ప్రోగ్రామ్‌ని మార్చినవాళ్లు వేరే పేరు పెట్టుకోవాలన్నాడు. అదీ సరే. పేరు మార్చుకోమనడం పని ఆపమనడం కాదు. ఏజీపీఎల్ అనే లైసెన్సైతే ఇంకా బరువైనది. మార్చిన ప్రోగ్రామ్‌ని నెట్‌వర్క్ మీద జనానికి నడిపితే, ఆ వాడేవాళ్లకు మార్చిన కోడ్ అందుబాటులో పెట్టాలి. అయినా పాస్. అక్కడ షరతు కాపాడేది తర్వాత వాడేవాడి స్వేచ్ఛని. రాసినవాడి ఇష్టాన్ని కాదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి

ఈ మధ్య వింత షరతులు పెట్టేది ఆదర్శవాదులు మాత్రమే కాదు. కంపెనీలు కూడా పెడుతున్నాయి. మోంగోడీబీ 2018లో లైసెన్సు మార్చింది. మా డేటాబేస్‌ని ఎవరైనా సేవగా అమ్మితే, ఆ సేవ నడిపే మిగతా సాఫ్ట్‌వేర్ అంతా కూడా బయటపెట్టాలంది. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ పని మీద సంపాదించుకుంటున్నాయని దాని గోడు. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదం కోసం పంపి, 2019లో తనే వెనక్కి తీసుకుంది. డెబియన్, ఫెడోరా, రెడ్‌హ్యాట్ మోంగోడీబీని పక్కన పెట్టాయి.

రెడిస్ 2024 మార్చిలో ఇలాంటి దారే పట్టింది. రోజుల్లోనే పాత కోడ్ తీసుకుని వాల్కీ అనే పోటీ ప్రాజెక్టు లినక్స్ ఫౌండేషన్ కింద మొదలైంది. 2025 మేలో రెడిస్ మళ్లీ ఏజీపీఎల్‌ని కూడా చేర్చి తిరిగొచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పాత లైసెన్సు వెనక్కి తీసుకోలేనిది కాబట్టే వాల్కీ పుట్టగలిగింది. దుష్టుడి బాహువుల పరీక్ష ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

కృత్రిమ మేధలోనూ ఇదే కథ. మెటా తన లామా 2ని 2023లో ఓపెన్ సోర్స్ అని చెప్పుకుంది. నెలకు 70 కోట్ల మందికి మించి వాడే సేవలున్న కంపెనీలు మాత్రం విడిగా అనుమతి తీసుకోవాలని లైసెన్సులో ఉంది. ఏయే పనులకు వాడకూడదో ఇంకో జాబితా ఉంది. ఇది ఓపెన్ సోర్స్ కాదని ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ కుండబద్దలు కొట్టింది. ఫలానావాళ్లు, ఫలానా పని. అవే రెండు పాత సూత్రాలు.

మీరు లైసెన్సు పెట్టే ముందు

మన కాలేజీల్లో ఇవాళ వేలమంది పిల్లలు గిట్‌హబ్‌లో కోడ్ పెడుతున్నారు. చివర ఒక వాక్యం కలపాలనిపించడం సహజం. ‘విద్యార్థులకే’, ‘వ్యాపారానికి వాడకూడదు’, ‘తెలుగువాళ్లకు మాత్రమే’... కలిపేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: చెప్పింది చేయకపోతే అనుమతి పోతుందా? పోకపోతే అది కోరిక, నిరభ్యంతరంగా రాసుకోండి. పోతే అది షరతు, తర్వాతి ప్రశ్నకు రండి.

రెండు: పాటించారో లేదో తేల్చేది ఎవరు? కాగితం చదివితే తేలిపోవాలి. ఎవరి మనసునో అడగాల్సి వస్తే ఇబ్బందే.

మూడు: ఆ షరతు కాపాడేది ఎవర్ని? తర్వాత వాడేవాడి స్వేచ్ఛనా, మీ ఇష్టాన్నా?

‘వ్యాపారానికి వాడకూడదు’ అన్నది చాలామంది మంచిదనుకుని పెట్టే షరతు. కానీ సున్నా నంబరు స్వేచ్ఛ దగ్గరే ఆగిపోతుంది. వ్యాసాలూ ఫొటోలూ ఇచ్చేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వ్యాపారానికి వద్దన్న షరతుతో ఇస్తే తెలుగు వికీపీడియా కూడా తీసుకోలేదు. షరతు పెట్టే హక్కు మీకు లేదని ఎవరూ అనరు. కోడ్ మీది, నిక్షేపంగా పెట్టుకోవచ్చు. దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని మాత్రం పిలవలేరు. అంతే తేడా.

మావాడు వారం రోజులు ఆలోచించాడు. లైసెన్సు ఫైలు తెరిచి ఆ వాక్యం కొట్టేశాడు. పారేయలేదు. అందరూ మొదట చదివే రీడ్‌మీ ఫైల్లో అడుగున పెట్టాడు. ‘నాటాలి’ తీసేసి ‘నాటితే సంతోషిస్తాను’ అని మార్చాడు. ఆ ప్రోగ్రామ్‌ను సంకలనంలోకి తీసుకున్నారు.

మొన్న పండక్కి ఇంటికొస్తే అడిగాను, ‘‘ఏరా, ఎంతమంది నాటారు?’’ అని.

‘‘తెలీదు మామయ్యా’’ అన్నాడు. ‘‘లెక్క చెప్పమని అడక్కూడదు కదా.’’